పితూరీ అంటే చాడీ కాదు

చిన్నప్పుడు తమ్ముడి మీద ఏదో ఒకటి చెప్పడానికి అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మధ్యలో అమ్మమ్మ అడ్డం తగిలి, మళ్లీ పితూరీ మోసుకొచ్చావా అని కసిరేది. అలా నాకు పితూరీ అంటే చాడీ అని స్థిరపడిపోయింది. చదివింది ఇంగ్లిష్ మీడియం కాబట్టి నా తెలుగు చాలావరకు ఇంట్లో విన్న తెలుగే. ఇంట్లో ఆ మాటకి వేరే అర్థం ఎవరూ చెప్పలేదు.

ఇంటర్ అయ్యాక సెలవుల్లో ఒక పాత పుస్తకంలో మన్యం పితూరీ అన్న మాట కనపడితే నవ్వొచ్చింది. మన్యంలో ఎవరు ఎవరి మీద చాడీలు చెప్పారా అనుకున్నా. పేజీ తిప్పితే రెండేళ్లు నడిచిన సాయుధ పోరాటం. చివర్లో కొయ్యూరులో ఒక చెట్టుకి కట్టేసిన 26 ఏళ్ల మనిషి. అల్లూరి సీతారామరాజు.

ఆయన కథ అందరికీ తెలుసు అనుకుంటాం. మా నాన్న తరానికి 1974లో వచ్చిన కృష్ణ సినిమా ఉంది, మనకి 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ ఉంది. ఆర్ఆర్ఆర్‌లో రామరాజు పోలీసు యూనిఫాం వేసుకుంటాడు. అది కల్పన అని సినిమావాళ్లే చెప్పారు, దాని మీద గొడవ లేదు. నిజం రాజుకి పోలీసులతో ఉన్న సంబంధం మాత్రం ఇంకా విచిత్రమైంది. ఆయన వాళ్ల తుపాకులు తీసుకెళ్లాడు, తీసుకెళ్తూ వాళ్ల రిజిస్టర్లోనే రాసి వెళ్లాడు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రిజిస్టరే. ఆయన బతుకంతా సర్కారు కాగితాల మాటల మధ్యే నడిచింది. చావు కూడా అలాంటి ఒక మాటతోనే ముగిసింది.

ముందు ఊళ్ల సంగతి. భద్రాచలం నుంచి మారేడుమిల్లికి బొంగు చికెన్ కోసం వెళ్లినవాళ్లు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. ఆ దారిలో భద్రాచలం ఊరు దాటగానే ఎటపాక, ఇంకా ముందుకెళ్తే చింతూరు, ఆ తరవాత ఘాట్ రోడ్డు ఎక్కితే మారేడుమిల్లి, దిగితే రంపచోడవరం. రంప పితూరీ అనే పేరులో ఉన్న రంప ఆ చుట్టుపక్కలదే. ఈ దారి మొత్తాన్నీ మనం ఒకే మాటతో పిలుస్తాం, ఏజెన్సీ అని. ఏజెన్సీలో పోస్టింగ్, ఏజెన్సీ జ్వరాలు, ఏజెన్సీ గ్రామాలు.

గ్యాస్ ఏజెన్సీ తెలుసు, యాడ్ ఏజెన్సీ తెలుసు. అడవికి ఆ పేరెందుకొచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి, మామూలు కోర్టుల నుంచి విడదీసింది. అక్కడ కలెక్టరు కలెక్టరుగా కాకుండా గవర్నరు తరఫు ఏజెంటుగా పాలిస్తాడు. ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ. గోదావరి కొండలు తరవాత ఇందులో చేరాయి. అంటే అది అక్కడి కొండ పేరూ కాదు, ఏరు పేరూ కాదు, మనుషుల పేరు అసలే కాదు. ఒక అధికారి హోదా పేరు. మన్యం అనే చక్కని మాట ఉండగానే ఆ హోదా పేరు వచ్చి కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు.

షెడ్యూల్డ్ ఏరియా కూడా అంతే. మనకి షెడ్యూల్ అంటే మిడ్ ఎగ్జామ్స్ టైమ్‌టేబుల్. 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం వచ్చింది. చట్టం వెనక అతికించే జాబితాని షెడ్యూల్ అంటారు, ఆ జాబితాలో పేరున్న జిల్లాలు షెడ్యూల్డ్ జిల్లాలు. సరిగ్గా అదే 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి మారాయి. కాగితం మీద ఇది ఒక బదిలీ, అంతే. కానీ రేకపల్లి కొండల్లో పోడు కొట్టుకునేవాళ్లు అప్పటిదాకా గొడ్డలికి నాలుగు అణాల చొప్పున కట్టి తమకి నచ్చిన చోట సేద్యం చేసుకునేవారు. మద్రాసు కిందికి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడింతలయింది. కొన్ని చోట్లకి అసలు వెళ్లకూడదన్నారు. అటు రంపలో తాటి కల్లు, జీలుగు కల్లు మీద చిగురు పన్ను అని ఒకటి వసూలు చేసేవారు. వినడానికి ఎంత లేతగా ఉందో చూడండి ఆ పేరు! 1879లో రంప లేచింది. కొన్ని నెలల్లో రేకపల్లి కూడా లేచింది. అంటే రాజు పుట్టకముందే మన భద్రాచలం తాలూకాలో ఒక పితూరీ అయిపోయింది. ఆ పోరాటంలో పేరున్న తమ్మన్న దొర 1880లో పోలీసుల చేతిలో చనిపోయాడు.

ఈ పితూరీ అన్న మాట మనది కాదు. అరబీలో ఫుతూర్, అక్కడి నుంచి పారశీకం, ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. కలత, గొడవ, అల్లరి అలాంటి అర్థాలు. మద్రాసు ప్రభుత్వ ఫైళ్లలో ఏజెన్సీలో జనం ఎదురు తిరిగిన ప్రతిసారీ ఫితూరీ అనే రాసేవారు. అసలు కిటుకు ఇక్కడుంది. యుద్ధం అంటే అవతల ఒక పక్షం ఉందని ఒప్పుకోవాలి. తిరుగుబాటు అంటే ఎందుకు తిరగబడ్డారని ఎవరో ఒకరు అడుగుతారు. ఫితూరీ అంటే ఆ బాధ లేదు. అల్లరి జరిగింది, అణిచాం, ఫైలు మూసేశాం. అల్లరి అనే అర్థమే జారి జారి మా అమ్మమ్మ నోట్లో చాడీ దాకా దిగిందేమో అని నా అనుమానం. నేను భాషా పండితురాలిని కాదు, తప్పైతే సీనియర్లు దిద్దండి.

ఇక రాజు. 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మ పుట్టింటి వైపు పుట్టాడు. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫరు, రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఫోటోలు తీసే పని చేసేవాడు. రాజుకి పదేళ్లు దాటీ దాటకముందే ఆయన పోయాడు. తరవాత పిల్లలకి పెద్ద దిక్కు పినతండ్రి రామకృష్ణంరాజు. ఆయన నరసాపురంలో తహసీల్దారు. జీవిత చరిత్రల్లో దీన్ని ఒక లైనులో దాటేస్తారు. నాకు మాత్రం ఇది ముఖ్యం అనిపించింది. తండ్రిది జైలు ఉద్యోగం, పినతండ్రిది తాలూకా కచేరీ. అర్జీ ఎలా రాస్తారు, ఉత్తర్వు ఎలా ఉంటుంది, రిజిస్టర్లో ఏం ఎక్కితే ఏం జరుగుతుంది, ఇవన్నీ ఆ ఇంట్లో పిల్లలకి అన్నం దగ్గర వినపడే మాటలే అయ్యుంటాయి.

చదువు పెద్దగా సాగలేదు. నరసాపురం, కాకినాడ, విశాఖపట్నం అని స్కూళ్లు మారాడు, డిగ్రీ లాంటిదేమీ చేతికి రాలేదు. (బ్యాక్‌లాగ్‌లున్నవాళ్లు సంతోషించొద్దు, ఆయన సంస్కృతం, జ్యోతిషం, వైద్యం, గుర్రపు స్వారీ నేర్చుకున్నాడు.) ఉత్తరదేశ యాత్ర చేసి, సన్యాసి వేషంతో 1917 నాటికి కృష్ణదేవిపేట చేరాడు. మన్యంలో జనం ఆయన్ని మొదట చూసింది సాధువుగానే. మందులిచ్చేవాడు, ముహూర్తాలు చెప్పేవాడు. సహాయ నిరాకరణ రోజులొచ్చాక కల్లు మానమన్నాడు, కోర్టులకి పోకుండా పంచాయతీల్లో తగువులు తీర్చుకోమన్నాడు. ఖద్దరు కట్టాడు. గాంధీ మీద గౌరవం ఉంది, అహింసతో ఈ ప్రభుత్వం కదులుతుందన్న నమ్మకం మాత్రం ఉన్నట్టు లేదు.

ఆ కొండల్లో అప్పుడు పరిస్థితి అర్థం కావాలంటే మూడు మాటలు తెలియాలి.

మొదటిది రిజర్వు. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక అడవి రిజర్వు ఫారెస్టు అయింది. మనం బస్సులో సీటు రిజర్వు చేసుకుంటాం, ఎవరో ఒకరి కోసం ఆపి ఉంచడం. అడవిని ఎవరి కోసం ఆపి ఉంచారు? కలప కావలసినవాళ్ల కోసం. కొండ వాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లి, రెండు మూడేళ్లు పండించి వేరే చోటికి జరిగే పోడు అప్పటిదాకా సేద్యం. రిజర్వు గీత గీసిన మరునాటి నుంచి అదే పని నేరం. కొండ అదే, మనిషి అదే, గొడ్డలీ అదే.

రెండోది ముఠా. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు, దానికి పెద్ద ముఠాదారు. పన్ను వసూలు చేసి పైకి కట్టేది అతనే. ప్రభుత్వం వాళ్ల హక్కులు కత్తిరిస్తూ వచ్చింది. అందుకే కొందరు ముఠాదార్లు కూడా రాజు పక్కకి వచ్చారు. ఇప్పుడు పేపరు తీసి చూడండి, ముఠా అంటే ఏమిటో. దొంగల ముఠా, గంజాయి ముఠా, నకిలీ నోట్ల ముఠా. ఒకప్పుడు పది ఊళ్ల పాలనకి పేరైనది ఇవాళ నేరాల పేజీలో తప్ప కనపడదు.

మూడోది కూలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ పనులు చూసేవాడు. కాగితం మీద ఒక కూలి, చేతికి ఇంకో కూలి. రానంటే దెబ్బలు. బట్టిపనుకుల గ్రామానికి చెందిన అన్నదమ్ములు గాం గంటం దొర, గాం మల్లు దొరలకి బాస్టియన్‌తో వైరం ఇక్కడే ముదిరింది. రాజు మొదట తుపాకీ పట్టలేదు, పై అధికారులకి అర్జీలు పెట్టించాడు. ఫలితం లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే టికెట్ రైజ్ చేశారు, స్టేటస్ పెండింగ్‌లోనే ఉండిపోయింది.

ఈలోగా సన్యాసి మీద పోలీసులకి అనుమానం మొదలైంది. 1922 మొదట్లో ఆయన్ని విచారణకి పిలిపించారు, నిఘా పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ ఆయన మీద అభిమానంతో పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. రాజుని అక్కడ స్థిరపడిన రైతుగా ఉంచేద్దామని ప్రభుత్వం ఆశ కావచ్చు. ఆయన కొన్నాళ్లు అక్కడున్నాడు, మళ్లీ కొండలెక్కాడు. ఈ ఖాన్ గురించి నాకు ఇంకా చదవాలనుంది. కచేరీ మనుషులందరూ బాస్టియన్లు కారు అనడానికి ఆయనొక్కడు చాలు.

1922 ఆగస్టు 22. చింతపల్లి పోలీసు స్టేషను. మరునాడు కృష్ణదేవిపేట. ఆ మరునాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్య దొరని విడిపించారు. ప్రతిచోటా ఏం తీసుకున్నదీ, ఎన్ని తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు.

ఇది చదివినప్పుడు నాకు గిట్ గుర్తొచ్చింది. కమిట్ చేస్తూ మెసేజ్ రాయడం, ఎవరు మార్చారో కింద పేరు. కానీ ఇందులో నవ్వులాట కన్నా ఎక్కువే ఉంది. దొంగతనం అయితే ఎవరూ రసీదు ఇవ్వరు. రసీదు ఇచ్చేది ఇంకో ప్రభుత్వం. ఆ పుస్తకంలో ఏం రాస్తే అది నిజం అయ్యే ఊళ్లో, ఆ పుస్తకాన్నే లాక్కుని తన మాట తన చేత్తో రాశాడు. తర్వాత పైఅధికారులు దాన్ని దోపిడీ అనొచ్చు, ఫితూరీ అనొచ్చు. పుస్తకంలో మాత్రం లెక్క సరిగ్గా ఉంది, కింద సంతకం ఉంది. తాలూకా కచేరీ ఇంట్లో పెరిగినవాడికి తప్ప ఈ ఆలోచన రాదని నా అభిప్రాయం.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ అధికారులు చనిపోయారు. ముందు నడిచిన మన పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న ఆ ఇద్దరి మీదే కాల్పులు జరిపారు. భారతీయులను చంపొద్దని రాజు కట్టడి చేశాడని చెప్తారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్లేసరికి అక్కడ తుపాకులు లేవు, ముందే వేరే చోటికి తరలించేశారు. ముందుగా కబురు పంపి మరీ దాడికి వచ్చేవాడని, బాణానికి మిరపకాయ కట్టి చీటీ పంపేవాడని మన్యంలో చెప్పుకుంటారు. మిరపకాయ టపా అని దానికి పేరు. సర్కారు టపాకి పోటీగా ఇంకో టపా! పేరు పెట్టడంలో మన్యంవాళ్లు కూడా తక్కువేం తినలేదు.

ప్రభుత్వం అప్పుడు దింపింది మలబార్ స్పెషల్ పోలీసుని. అంతకు ముందు ఏడాదే మలబారులో మాప్పిళ్ల తిరుగుబాటు సమయంలో పుట్టిన దళం అది. పేరులో పోలీసు, పని సైన్యం పని. దాంతో కాక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ని రప్పించారు. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్‌ని ఏజెన్సీ ఆపరేషన్లకి స్పెషల్ కమిషనర్‌గా వేశారు. ఆపరేషన్ అనే మాట చూడండి. ఆస్పత్రిలో చేసేదీ అదే, కంప్యూటర్లో జరిగేదీ అదే. ఊరు కాల్చారు అంటే ఎవరి ఊరు అని అడగొచ్చు, ఆపరేషన్ జరిగింది అంటే అడగడానికి ఏమీ మిగలదు. రాజు తలకి పదివేల రూపాయలు, గంటం దొర, మల్లు దొరల తలలకి వెయ్యేసి ప్రకటించారు. మొత్తం ఖర్చు 40 లక్షలు దాటిందని చెప్తారు, ఆ రోజుల్లో 40 లక్షలు.

ఈ తిరకాసు ఒక్క ఇంగ్లిషువాళ్లదే అనుకుంటే పొరపాటు. గోదావరికి ఇవతల మన ఖమ్మం వైపు అప్పట్లో నిజాం రాజ్యం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ట్యాంకులతో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. లోకానికి చెప్పిన పేరు పోలీస్ యాక్షన్. ఇప్పటికీ ఖమ్మంలో పెద్దవాళ్లు పుట్టిన ఏడు చెప్పాలంటే పోలీస్ యాక్షన్‌కి ముందా తరవాతా అని లెక్కేస్తారు. అటు ఒడ్డున సైన్యం పని చేసినవాళ్లకి పోలీసు పేరు, ఇటు ఒడ్డున సైన్యమే వస్తే దానికీ పోలీసు పేరు. ఒకే నది రెండు ఒడ్లు.

1923లో మల్లు దొర దొరికిపోయాడు. తిండి అందే దారులు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. ఊళ్లలో పితూరీదార్లకి గంజి పోసినవాళ్ల మీద పోలీసులు పడ్డారు. ఈ భాగం గురించి వివరంగా రాసినవాళ్లు తక్కువ, సినిమాల్లో అయితే అసలు ఉండదు. రెండేళ్లలో ఎక్కువ దెబ్బ తిన్నది తుపాకీ పట్టనివాళ్లే.

1924 మే 7. మంప దగ్గర రాజు దొరికాడు. అక్కడి నుంచి కొయ్యూరు తీసుకెళ్లారు. అక్కడ మేజర్ గుడాల్ ఉన్నాడు. విచారణ లేదు, కోర్టు లేదు, వకీలు లేడు. చెట్టుకి కట్టి కాల్చారు. ప్రభుత్వం చెప్పింది మాత్రం ఒక్క ముక్క. తప్పించుకుపోతుండగా కాల్చాల్సి వచ్చిందని.

చెట్టుకి కట్టిన మనిషి ఎలా తప్పించుకుపోతాడు? నాకు ఆ వాక్యం చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ వాక్యం నాకు ముందే తెలుసు. రోజూ పేపర్లో చదివే వాక్యమే అది. వందేళ్లలో కొన్ని మాటలు మారాయి, అంతే. ఎదురుకాల్పులు, కూంబింగ్, ఆత్మరక్షణ కోసం. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు పెరిగిన ఎవరికైనా ఈ మాటలు ఏబీసీడీల కన్నా ముందే వచ్చేస్తాయి. నేను ఇక్కడ ఎవరి పక్షమూ మాట్లాడట్లేదు. అటువైపువాళ్లు కూడా ఇన్‌ఫార్మర్ అని ఒక మాట రాసి చీటీ పెట్టి మనుషుల్ని చంపారు, అదీ మా వైపు ఊళ్లు చూశాయి. నేననేది మాట గురించి. ఎన్‌కౌంటర్ అంటే ఇంగ్లిష్‌లో ఎదురుపడటం. తెలుగులో అది ఎప్పుడో క్రియ అయిపోయింది, ఎన్‌కౌంటర్ చేసేశారు అంటాం. ఎదురుపడటం అయితే చేసేయడం ఎలా కుదురుతుంది? వ్యాకరణమే నిజం చెప్పేస్తోంది, మనం వినట్లేదు. పోయిన సెమ్ వైవా అయ్యాక ఎన్‌కౌంటర్ అయిపోయాం అని స్టేటస్ పెట్టింది నేనే, నలభై మంది నవ్వారు.

మన సీఎస్ఈ వాళ్ల నోరు ఇంకా ఘోరం. డిప్లాయ్ చేశాం, ఎగ్జిక్యూట్ చేశాం, ప్రాసెస్‌ని కిల్ చేశాం, బ్రూట్ ఫోర్స్ పెట్టాం. ఈ మాటలు మానేయమని నేను అనను, మానేస్తే ల్యాబ్‌లో నోరు పెగలదు. కాకపోతే కొండల్లోకి బలగాల్ని డిప్లాయ్ చేశారని చదివినప్పుడు ఒకప్పటిలా సర్వర్ గుర్తు రావట్లేదు నాకు.

రాజు శవాన్ని కృష్ణదేవిపేటకి తెచ్చి మే 8న దహనం చేశారు. సమాధి అక్కడే ఉంది. నెల తిరగకముందే, జూన్‌లో గంటం దొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. దాంతో ఫైళ్లలో పితూరీ ముగిసింది.

పోడు ముగియలేదు. రాజు మన్యం చేరిన 1917లోనే మద్రాసు ప్రభుత్వం గిరిజనుల భూమి బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా ఒక చట్టం చేసింది. దాని మనవడి లాంటిది 1970లో వచ్చిన మొదటి రెగ్యులేషన్. మా ఊళ్లో స్థలం కొనాలన్నా అమ్మాలన్నా ముందు వచ్చే మాట అదే, వన్ ఆఫ్ సెవెంటీ. బడికి పోని ముసలమ్మ కూడా వన్ ఆఫ్ సెవెంటీ అంటుంది, తేడా లేకుండా పలుకుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం తరవాత ఇంకోటి వచ్చి చేరింది, ఆర్ఓఎఫ్ఆర్ పట్టా. ఆ నాలుగు అక్షరాలు విడదీసి చెప్పమంటే నేను గూగుల్ చూడాల్సి వచ్చింది. కోయ రైతులు చూడరు, ఆ కాగితం వస్తే పొలం ఉంటుంది, రాకపోతే ఆక్రమణ. 1882లో గీసిన గీత మీదే ఇంకా నడుస్తున్నారు వాళ్లు.

మల్లు దొర సంగతి చెప్పలేదు కదా. మరణశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరానికి మార్చారు. అండమాన్ పోయాడు. 1937లో విడుదలయ్యాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఒక ప్రభుత్వ కాగితంలో పితూరీదారు, ఇంకో ప్రభుత్వ కాగితంలో గౌరవ సభ్యులు. మనిషి ఒక్కడే.

రాజుకి పేర్లు చాలా ఆలస్యంగా మారాయి. 1986లో తపాలా బిళ్ల వేశారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది, అదే జూలైలో భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి విడదీసిన ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ఆ జిల్లాలోకే వెళ్లాయి. 1879లో లేచిన రేకపల్లి కూడా అటే. వాటిని కొందరు విలీన మండలాలంటారు, కొందరు ముంపు మండలాలంటారు. ఎవరు ఏ మాట వాడుతున్నారో చూసి వాళ్లు ఆఫీసు మనిషో ఊరి మనిషో చెప్పేయొచ్చు.

అటువైపు ఊళ్లో ఉండే మా చిన్నమ్మ కొడుక్కి ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ అప్లికేషన్ నేనే నింపాను. జిల్లా అన్న దగ్గర ఎంత వెతికినా అల్లూరి పేరు కనపడలేదు. వాడు ఫోన్‌లో విసుక్కుని, అక్కా పైన చూడు, ఏఎస్ఆర్ అని ఉంటుంది అన్నాడు. ఉంది. నొక్కాను, తరవాతి పేజీ వచ్చింది.